జాగ్రత్త: "సల్ఫర్ ఫ్రీ" అని అమ్ముతున్న లూజు క్లే కిట్‌తో నా యాళి మొహం పోయింది

ప్రొస్థెటిక్ మేకప్ (మొహానికి సిలికాన్ ముక్కలు అతికించి రూపం మార్చే మేకప్) నేర్చుకుంటూ, ఆన్‌లైన్‌లో లూజుగా రీప్యాక్ చేసిన క్లే, సిలికాన్ కొంటున్నవాళ్లు డబ్బు పంపే ముందు ఒకసారి ఇది చదవండి. నేను కొన్నది "క్రియేచర్ స్టార్టర్ కిట్". ప్రకటనలో క్లే పక్కన పెద్ద అక్షరాలతో "సల్ఫర్ ఫ్రీ, ప్రొఫెషనల్ గ్రేడ్" అని ఉంది. వచ్చింది మాత్రం క్లింగ్ ఫిల్మ్‌లో చుట్టిన గోధుమరంగు దిమ్మ, మార్కర్‌తో ఏ, బీ అని రాసిన రెండు తెల్ల డబ్బాల్లో కలిపి వాడాల్సిన సిలికాన్. తయారీదారు పేరు లేదు, బ్యాచ్ నంబర్ లేదు, తేదీ లేదు. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. పైగా ఇదే పద్ధతిలో అమ్మేవాళ్లు వాళ్లొక్కరే కాదు.

నా ప్రాజెక్టు యాళి, అంటే గుడి శిల్పాల్లో కనిపించే సింహంలాంటి కల్పిత మృగం. హంపి విఠలాలయం స్తంభాల మీద ముందుకాళ్లెత్తి దూకుతున్నట్టు ఉండే యాళిని చాలామంది చూసే ఉంటారు. దాన్ని మనిషి మొహం మీదికి తేవాలంటే రాతి బొమ్మను ఉన్నదున్నట్టు దించితే కుదరదు. రాతిలో కళ్లు గుండ్రంగా బయటికి పొడుచుకొస్తాయి, మనిషి కళ్లేమో గుంటలో ఉంటాయి. అందుకే కనుబొమల గట్టును ముందుకు లాగకుండా పక్కలకి, పైకి తిప్పి, కింది రెప్ప దగ్గర కండ పెంచాను. అప్పుడు కన్ను ఉబ్బినట్టు కనిపిస్తుంది, చూపుకి అడ్డం రాదు. నుదురు కాస్త మందంగా ఉన్నా పరవాలేదు, నోటితో పోలిస్తే అక్కడ కదలిక తక్కువ. నోటి మూలలు, ముక్కు పక్కలు మాత్రం పల్చగా ఉండాలి, లేకపోతే నటుడు కోరలు చూపించినా మొహం మాస్కులాగే ఉంటుంది. చర్మరంధ్రాల కోసం క్లే మీద పల్చటి ప్లాస్టిక్ కవర్ పరిచి, పైనుంచి మొద్దు సూదితో ఒక్కొక్కటీ నొక్కాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పోయింది క్లే ఖరీదు ఒక్కటే అయితే ఈ పోస్టు రాసేదాన్నే కాదు.

ఆ క్లే మొహానికి అచ్చు తీయడానికి దాని మీద కిట్‌లోని ప్లాటినం సిలికాన్ పూతలు వేసి, వెనకాల ప్లాస్టర్ జాకెట్ కట్టాను. సమయం అయ్యాక జాకెట్ తీస్తే సిలికాన్ పైవైపు చక్కటి రబ్బరు. అంచు పట్టి వెనక్కి తిప్పాను. క్లేకి ఆనిన వైపు అసలు గట్టిపడలేదు. వేలికి అంటుకుని పనసబంకలా తీగలు సాగింది. సూదితో నొక్కిన రంధ్రాలన్నీ ఆ జిగురుతో పూడిపోయాయి. తుడిస్తే జిగురుతో పాటు క్లే కూడా అలుక్కుపోయింది. ఇక ఆ మొహం దేనికీ పనికిరాదు.

అదే కలిపిన కప్పులో అడుగున మిగిలిన సిలికాన్ మాత్రం శుభ్రంగా సెట్ అయి, చేత్తో లాగితే ఊడివచ్చింది. అక్కడే అనుమానం వచ్చింది. నిష్పత్తి తప్పితేనో, సరిగ్గా కలపకపోతేనో కప్పులోది కూడా పాడవాలి కదా. ఒక సీనియర్ దగ్గర కంపెనీ ప్యాకింగ్‌లో ఉన్న గంధకం (సల్ఫర్) లేని క్లే చిన్న ముక్క తీసుకుని, కిట్ క్లే ముక్క పక్కన పెట్టి, రెండింటి మీదా ఒకే కప్పులోంచి సిలికాన్ పోశాను. సీనియర్ ముక్క మీద గోరు దించినా గుర్తు పడనంత గట్టిగా సెట్ అయింది. కిట్ ముక్క మీద మళ్లీ అదే బంక.

కారణం తెలియని కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. ఈ రకం సిలికాన్‌ని గట్టిపరిచేది అందులో అతి స్వల్పంగా ఉండే ప్లాటినం. గంధకం తగిలితే అది ప్లాటినాన్ని పట్టేసుకుంటుంది, ఇక పని జరగదు. ప్లాటినం ఉన్నదే కొంచెం కాబట్టి పాడుచెయ్యడానికి గంధకమూ కొంచెం చాలు. నూనె కలిసిన మోడలింగ్ క్లేల్లో చాలా వాటిలో గంధకాన్ని ఫిల్లర్‌గా వాడతారు. శిల్పం వరకే అయితే అవి మంచి క్లేలే, మన పనికి మాత్రం పనికిరావు. అందుకే చవాంట్ ఎన్‌ఎస్‌పీ, మాన్‌స్టర్ క్లే లాంటి గంధకం లేని రకాలు వాడతాం. "సిలికాన్ కాకుండా ప్లాస్టర్ మౌల్డ్ తీస్తే సరిపోయేది కదా" అని ఒకరన్నారు. సరిపోదు. క్లే మరక ప్లాస్టర్‌లో మిగిలితే, తర్వాత అందులో పోసే సిలికాన్ ముక్కకీ ఇదే గతి పడుతుంది. క్లే మీద అక్రిలిక్ లక్కర్ కొట్టి సీల్ చేసేవాళ్లున్నారు. ఒక్కోసారి పనిచేస్తుంది, కానీ ఎక్కడైనా చిన్న సందు మిగిలితే అక్కడ బంకే.

ఇంకో విడ్డూరం. కిట్‌తో పాటు "ఫ్రీ గిఫ్ట్" అని గ్లవ్స్ పంపారు. లేటెక్స్ గ్లవ్స్! ప్లాటినం సిలికాన్‌కి లేటెక్స్ కూడా పడదని డేటాషీట్లలోనే ఉంటుంది. అవి నేను ముట్టుకోలేదు, నైట్రైల్ గ్లవ్సే వాడాను. కానీ సిలికాన్ అమ్మేవాళ్లు లేటెక్స్ గ్లవ్స్ కానుకగా పంపుతున్నారంటే ఏం అమ్ముతున్నారో వాళ్లకే తెలియదని అర్థం.

ఫోన్ చేస్తే మొదటి జవాబు: "వర్షాకాలం కదా మేడమ్, తేమకి సెట్ అవ్వదు." ప్లాటినం సిలికాన్‌కి గాలిలో తేమతో పనిలేదు. చలికి నెమ్మదిస్తుంది, అంతే. గట్టిపడటానికి తేమ కావలసింది టిన్ రకానికి, అంటే ప్లాటినం బదులు టిన్‌తో గట్టిపడే సిలికాన్‌కి. ఆ మాట చెప్పాక "మీరు కలపడంలో తేడా" అన్నారు. కప్పు ఫొటో పంపాక "ఓపెన్ చేసిన ఐటమ్ వాపసు తీసుకోం మేడమ్" అన్నారు. తెరవకుండా క్లే లోపల ఏముందో ఎలా తెలుస్తుందండీ అని అడిగితే బ్లాక్ చేశారు.

మా క్లాసులో ఇంకొకరిది ఇంతకన్నా భయపెట్టే కథ. వేరే చోట "స్కిన్ సేఫ్ సిలికాన్" అని కొంటే ఒక పెద్ద డబ్బా, చుక్కల మందు సీసా అంత చిన్న క్యాటలిస్ట్ (గట్టిపరిచే ద్రవం) బాటిల్ వచ్చాయి. వందకి రెండు మూడు పాళ్లు కలపమని చీటీ. అది చూడగానే ఆగిపోవాలి. మనం మొహానికి వాడే ప్లాటినం సిలికాన్లు మామూలుగా రెండు సమాన భాగాలుగా వస్తాయి. చిన్న సీసాతో వచ్చేది దాదాపు ఎప్పుడూ టిన్ రకమే. బొమ్మల అచ్చులకి బాగుంటుంది, చర్మం మీద పెట్టేది కాదు. కొంత కాలానికి కుంచించుకుపోతుంది కూడా. అదృష్టం కొద్దీ మోడల్ మొహం దాకా రాలేదు.

కాబట్టి కొనేముందు తయారీ కంపెనీ పేరు, బ్యాచ్ నంబర్, టెక్నికల్ డేటాషీట్ అడగండి. అసలు సరుకైతే అంకెలు ఖచ్చితంగా చెబుతారు. ఉదాహరణకి ఎకోఫ్లెక్స్ 00-30 అనే ప్లాటినం సిలికాన్ అయితే కలిపాక వాడుకోవడానికి 45 నిమిషాలు, గట్టిపడటానికి 4 గంటలు. "రాత్రంతా ఉంచండి, అదే అవుతుంది" అనేవాళ్ల దగ్గర డేటాషీట్ ఉండదు. చర్మానికి వాడేదైతే ఒంటికి తగిలితే హాని లేదని చూసే ఐఎస్‌ఓ 10993 పరీక్ష కాగితం కూడా అడగండి. సీల్ తీసేటప్పుడు వీడియో తీయండి. ఎవరి దగ్గర కొన్నా సరే, బొమ్మ చెయ్యడం మొదలుపెట్టకముందే ఉత్త ప్లాస్టిక్ కప్పులో కొంచెం, క్లే ముక్క మీద కొంచెం సిలికాన్ పోసి చూడండి. కప్పులోది గట్టిపడి క్లే మీదది గట్టిపడకపోతే దోషం క్లేది. రెండూ గట్టిపడకపోతే సిలికాన్‌ని, మీరు కలిపిన పద్ధతిని అనుమానించాలి. టెస్టుకి ఖర్చయ్యేది గుప్పెడు సరుకు.

మోసపోయినవాళ్లు ఊరుకోకండి. 2011 లీగల్ మెట్రాలజీ ప్యాకేజీ నిబంధనల ప్రకారం, రిటైల్‌గా అమ్మే ప్యాకెట్ మీద తయారీదారు లేదా ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, బరువు, ధర ఉండాలి. మార్కర్‌తో ఏ, బీ అని రాసి పంపితే చెల్లదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. యూపీఐ రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు, ప్యాకెట్ ఫొటోలు సిద్ధంగా పెట్టుకోండి, జీఎస్టీ బిల్లు ఉంటే ఇంకా మంచిది. నాకు బిల్లు ఇవ్వలేదు, ఆ సంగతి కూడా ఫిర్యాదులో రాశాను.

ఇంకా డబ్బు రాలేదు. వాళ్ల పేజీలో అదే ఫొటో, అదే "సల్ఫర్ ఫ్రీ" మాటతో కిట్ ఇప్పటికీ అమ్ముతున్నారు. మీ దగ్గర ఇలాంటి పేరులేని దిమ్మ ఉంటే పారేయకండి. చిన్న ముక్క మీద టెస్ట్ చేసి, ఫలితం ఫొటో తీసి, మిగతాది ప్యాకింగ్‌తో సహా దాచండి. ఫిర్యాదులో సాక్ష్యంగా పనికొచ్చేది అదే.