గర్భిణులకు ఫోన్ సలహా: ఎస్ఎంఎస్ మేలా, కాల్ మేలా?

దక్షిణాఫ్రికాలో 2014లో మొదలైన మామ్‌కనెక్ట్ అనే ప్రభుత్వ సేవ గర్భిణులకు ఉచితంగా ఎస్ఎంఎస్‌లు పంపింది. మన కేంద్ర ఆరోగ్య శాఖ నడిపే కిల్కారీ ఫోన్ చేసి వినిపిస్తుంది: నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారానికొకటి, మొత్తం 72 సందేశాలు.

ఎస్ఎంఎస్ ఫోన్‌లోనే ఉంటుంది, మళ్లీ చదువుకోవచ్చు. కానీ ఇంగ్లిష్‌లో 160 అక్షరాలు పట్టే సందేశం తెలుగులో 70కే నిండిపోతుంది. అందులోనూ పొల్లూ గుణింతమూ విడివిడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" ఒక్కటే ఆరు తినేస్తుంది. పైగా, చదువు రాని తల్లికి అది దేనికి?

అందుకే పల్లెలకు కాలే మేలు. ఇబ్బందల్లా ఫోన్ పగలంతా భర్త జేబులో ఉండటం. తప్పిన సందేశం వినాలంటే నమోదైన నంబరు నుంచే 14423కి చేయాలి. కాబట్టి పేరు రాసుకునేటప్పుడే ఆ ఫోన్ ఎవరి దగ్గరుంటుందో అడగాలి.