క్యాంపర్ వ్యాన్ సీట్లు మార్పిస్తున్నారా? డబ్బు కట్టేముందు సీటు కింద ఏముందో చూడండి

బండి కొని ఆరు నెలలైంది. సీట్లు మార్పించి మూడు నెలలు. రోడ్డెక్కించడం మానేసి ఐదు వారాలు. షెడ్డు పేరు రాయను. వాళ్లతో గొడవ పెట్టుకునే ఓపిక నాకు లేదు, పైగా వాళ్ల పేరు కంటే వాళ్లు చేసిన పని ఎలాంటిదో తెలిస్తేనే మీకు ఎక్కువ ఉపయోగం.

నాది సెకండ్ హ్యాండ్ టాటా వింగర్. డ్రైవరుతో కలిపి పది సీట్లని ఆర్‌సీలో ఉంది. అమ్మ, మా ఆవిడ, ఎనిమిదేళ్ల బాబు, నేను. వేసవి సెలవుల్లో అంతర్వేది, మారేడుమిల్లి, కుదిరితే అరకు తిరిగి, బండిలోనే పడుకోవచ్చని ఆశ. గోదావరికి అవతలి ఒడ్డున ఒక షెడ్డాయన ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. వెనక సీట్లన్నీ తీసేసి ఒక పొడవాటి బెంచీ, లాగితే అదే మంచం. బెంచీకి రెండు బెల్టులు. డ్రైవరు పక్క సీటు వెనక్కి గుండ్రంగా తిరిగేలా కింద ఒక ప్లేటు. స్టవ్వుకి చిన్న అలమర. మొత్తం 2,35,000 అన్నాడు, 1,90,000కి తెగింది.

నేను అడగకపోలేదు. "ఆర్‌సీలో పది సీట్లున్నాయి కదండీ, రేపు ఇబ్బంది రాదా?" అన్నాను. "మాస్టారూ, సీట్లు పెంచితే తప్పుగానీ తగ్గిస్తే తప్పేంటండీ? మీకెందుకు టెన్షన్, ఎన్ని బళ్లు చేసి పంపించాం!" అన్నాడు. లెక్కల మాస్టార్ని, నాకూ ఆ లెక్క సరిగ్గానే ఉన్నట్టు తోచింది. మీరెవరైనా ఇదే మాట వింటే, అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

ఇక జరిగింది చెబుతాను. అంతర్వేది వెళ్దామని బయల్దేరాం. రాజోలు దాటి కొంచెం ముందుకెళ్లాక, ఎదర వెళ్తున్న కొబ్బరికాయల లారీ ఉన్నట్టుండి ఆగింది. నేను నలభైలోపే ఉన్నాను. గట్టిగా బ్రేకు తొక్కాను, బండి ఆగింది, దేనికీ గుద్దుకోలేదు. కానీ వెనక ధడేల్మని చప్పుడు. తిరిగి చూస్తే బెంచీ మొత్తం జానెడు ముందుకొచ్చి ఉంది, అమ్మ మోకాళ్లు స్టవ్వు అలమరకి కొట్టుకున్నాయి. బాబుకి బెల్టు పెట్టే ఉంది. ఆ బెల్టు బిగించిందీ బెంచీకే కాబట్టి బెంచీతోపాటు బెల్టూ వచ్చింది, బెల్టుతోపాటు వాడూ వచ్చాడు. "ఒరేయ్, ఇది బండా, ఉయ్యాలా?" అంది అమ్మ, నొప్పిలో కూడా. వారం రోజులు ఆవిడ మోకాలి వాపు దిగలేదు.

ఇంటికొచ్చి కుషన్లు తీసి చూశాను. బెంచీ ఫ్రేము స్క్వేర్ పైపుది, చూడ్డానికి గట్టిగానే ఉంది. ఆ ఫ్రేముని పరిచిన ప్లైవుడ్‌కి మాత్రం తలుపులకి వాడే చెక్క స్క్రూలతో బిగించాడు. స్క్రూ కన్నాలు గుండ్రంగా లేవు, చింతగింజల్లా సాగిపోయి ఉన్నాయి, చుట్టూ చెక్కపొట్టు. నాలుగు చోట్ల మాత్రం బోల్టులు ప్లైవుడ్‌లోంచి బండి నేల రేకు దాకా దిగాయి. కింద నుంచి చూస్తే వాటికి రూపాయి బిళ్ల కంటే చిన్న వాషర్లు. ఒక వాషరు రేకులో సగం కూరుకుపోయింది. డ్రిల్లు చేసిన కన్నానికి రంగు పూయలేదు, మా సముద్రపు గాలికి అప్పుడే ఎర్రగా తుప్పు దిగడం మొదలైంది. ఒక కన్నమైతే బ్రేకు పైపుకి రెండు వేళ్ల దూరంలో ఉంది.

రాజమండ్రిలో బస్సు బాడీలు కట్టే మేస్త్రీగారు ఒకరు, తెలిసినవాళ్ల ద్వారా దొరికారు. టార్చిలైటు పట్టుకొని కిందకి దూరి పావుగంట చూశారు. ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. వింగర్‌కి లారీలా విడిగా చాసిస్, అంటే అడుగున ఇనప చట్రం, ఉండదు, బాడీయే చాసిస్. కంపెనీ సీటు బోల్టు పడే చోట అడుగున దళసరి రేకు వేసి బలం కట్టి ఉంటుంది, బెల్టు బోల్టు పడే చోటా అంతే. మనం కన్నం వేసుకున్న చోట ఉన్నది వట్టి రేకు. అక్కడ బిగించాలంటే అడుగున వెడల్పాటి ఇనప ప్లేటు వెయ్యాలి, ఎక్కువ లాగుడికి తట్టుకునే, తల మీద 8.8 అని అచ్చుకొట్టిన హైటెన్సైల్ బోల్టులు వాడాలి, అదీ లెక్క తెలిసినవాడు చెయ్యాలి. "ఆ చెక్కకి మీ అమ్మగారిని కట్టేసి తీసుకెళ్లారండి" అన్నారాయన. కోపం లేకుండా అన్నారు, అందుకే ఎక్కువ తగిలింది.

ఆ రాత్రి కూర్చొని లెక్క వేశాను. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి దేన్నైనా గుద్దుకొని అర మీటరు దూరంలో ఆగిపోతే, లోపలి మనిషి మీద పడే జోరు అతని బరువుకి దాదాపు 20 రెట్లు. 70 కిలోల మనిషిని పట్టి ఆపాలంటే బెల్టు, సీటు, వాటి బోల్టులు కలిసి 1,400 కిలోల లాగుడుకి తట్టుకోవాలి. 75 కిలోల ధాన్యం బస్తాలు పద్దెనిమిది పైచిలుకు. వాటిని ఆపడానికి మా షెడ్డాయన పెట్టింది చెక్క స్క్రూలు.

తిరిగే సీటు సంగతీ చెప్పాలి. కింద ప్లేటు చేరడంతో సీటు రెండంగుళాలు పైకి లేచింది, మా ఆవిడకి కాళ్లు నేలకి ఆనవు. తిప్పి మళ్లీ ముందుకి పెట్టినప్పుడు లాకు పూర్తిగా పడదు, గతుకుల్లో టకటకమంటుంది. సీటు కింద ఉన్న వైరు అడ్డమొచ్చిందని కత్తిరించేశాడు. దాంతో డాష్‌బోర్డు మీద సీటు బెల్టు గుర్తు ఎర్రగా వెలుగుతూనే ఉండేదేమో, దాని మీద నల్ల టేపు ముక్క అంటించి బండి ఇచ్చాడు! రెండు నెలలు నేను ఆ టేపుని చూడనేలేదు. మారుతీ ఈకో బండికి ఇలాంటి తిరిగే సీటు పెట్టించాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, దాని ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. "చేసేద్దాం" అని ఎవడైనా అంటే, ఇంజను పని చేయించుకోవడానికి సీటు ఎలా లేపుతారో ముందు అడగండి.

మోకాలి సంగతి సర్దుకున్నాక బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి నేనే వెళ్లాను. పట్టుకుంటారేమోనని భయపడుతూనే వెళ్లాను. ఆయన ఆర్‌సీ చూసి, ఫొటోలు చూసి, కూర్చోమన్నారు. పెంచడం, తగ్గించడం అన్న తేడా చట్టంలో లేదట. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సీట్ల సంఖ్య ఆర్‌సీలో రాసి ఉండే వివరమే కదా. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీం కోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి 182ఎ సెక్షన్ తెచ్చారు. అనుమతి లేని మార్పు చేస్తే యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. యజమాని అంటే నేను, షెడ్డాయన కాదు. నా బండిలో సీట్లు తీసేయడం ఒకటి, బెంచీ ఒకటి, తిరిగే ప్లేటు ఒకటి, నేనే వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాను. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా తీసుకెళ్తే 1,000 రూపాయలు వేరే. ఆయన నాకు చలాను రాయలేదు. "పాత సీట్లు పెట్టించేదాకా బయటికి తియ్యకండి మాస్టారూ" అని పంపించారు. అందరికీ అలాంటి ఇన్‌స్పెక్టరే దొరుకుతారనుకోకండి.

ఇన్సూరెన్స్ ఏజెంటుకి ఫోన్ చేస్తే, చెప్పకుండా బండి రూపం మార్చారు కాబట్టి సొంత డ్యామేజీ క్లెయిము వస్తే కంపెనీ కాదనొచ్చు అన్నాడు. ప్రీమియం మాత్రం ఠంచనుగా కట్టించుకున్నారు లెండి.

ఇక షెడ్డుకెళ్లి డబ్బు అడుగుదామని బిల్లు తీశాను. అందులో ఏముందో తెలుసా? "సీటు కవర్లు, ఇంటీరియర్ పని." అంతే. బెంచీ లేదు, బెల్టులు లేవు, తిరిగే ప్లేటు లేదు. బిల్లు తీసుకున్న రోజు మొత్తం సరిపోయిందా లేదా చూసుకున్నానే గానీ పైన ఏం రాశాడో చదవలేదు. "మీరు అడిగిందే చేశాం కదండీ" అన్నాడు. సరే, నా పాత సీట్లు ఇచ్చెయ్యండి అంటే, అవి ఎప్పుడో తుక్కు కింద వెళ్లిపోయాయన్నాడు. అన్నిటికంటే నన్ను ముంచింది ఇదే. మీరు ఏ షెడ్డులో ఏ పని చేయించినా ఒరిజినల్ సీట్లు, వాటి బోల్టులు, బెల్టులు ఇంటికి తెచ్చి అటక మీద పడేసుకోండి.

క్యాంపర్ వ్యాన్ అసలు చేయించుకోకూడదని కాదు. కాగితాల్లో ఇలాంటి బళ్లని మోటార్ కారవాన్లంటారు, వాటికి ఏఐఎస్-124 అని విడిగా ప్రమాణం ఉంది. దాని ప్రకారం పుణె ఏఆర్ఏఐ, మానేసర్ ఐక్యాట్ లాంటి పరీక్షా సంస్థల దగ్గర ఆమోదం తీసుకొని బళ్లు తయారుచేసేవాళ్లు ఉన్నారు. అలాంటి బండి ఆర్‌సీలో వాహనం తరగతే మోటార్ కారవాన్ అని ఉంటుంది. కాబట్టి రెడీమేడ్‌గా తయారైన సెకండ్ హ్యాండ్ క్యాంపర్ కొంటున్నవాళ్లు లోపలి లైట్లూ పరుపులూ తర్వాత చూడండి, ముందు ఆర్‌సీలో తరగతి, సీట్ల సంఖ్య చూసి, లోపల బెల్టులున్న సీట్లు లెక్కపెట్టండి. రెండూ కలవకపోతే ఆ బేరం వద్దు. కొత్తగా చేయిస్తుంటే ఆమోదపత్రం కాపీ చూపించమనండి, రిజిస్టరింగ్ అథారిటీ (ఆర్‌టీఓ ఆఫీసు) అనుమతి ముందు, పని తర్వాత. మార్పు జరిగిన 14 రోజుల్లో తెలియజేసి ఆర్‌సీలో ఎక్కించుకోవాలన్నది కూడా 52వ సెక్షన్‌లోనే ఉంది. "అది మేం చూసుకుంటాం" అన్న మాటకి కాగితం అడగండి. కాగితం అనగానే మొహం మారితే మీకు అర్థమైపోతుంది. అద్దెకి తిప్పాలనుకుంటే అది పసుపు బోర్డు వ్యవహారం, దాని లెక్కలు వేరు.

పక్కకి తిరిగి కూర్చునే సీట్లు, ఎల్ ఆకారం సోఫాలు ఫొటోల్లో బాగుంటాయి. బెల్టు పెట్టినా పక్కకి కూర్చున్న మనిషిని బ్రేకు వేసినప్పుడు అది సరిగ్గా పట్టుకోదు, నడుం దగ్గర మెలితిప్పేస్తుంది. బండి ఆగాక వాటి మీద కూర్చొని కాఫీ తాగండి, కదిలేటప్పుడు మాత్రం ఎవర్నీ కూర్చోబెట్టకండి.

ప్రస్తుతం మేస్త్రీగారు బెంచీ పీకేసి, నేల కన్నాలు మూయించి, రంగు కొట్టించారు. తుక్కు దుకాణాల చుట్టూ తిరిగి ఆరు సీట్లు సంపాదించాం, కంపెనీ వేసిన పాత కన్నాల్లోనే సరిగ్గా కూర్చున్నాయి. పడుకోవడానికి ఒక టెంటు కొన్నాను, బండి పక్కనే వేసుకుంటాం. బాబుకి అదే ఎక్కువ నచ్చింది. ఇంకా రెండు సీట్లు కావాలి, మధ్య వరసవి, బెల్టు బకిళ్లతో సహా. ఎవరి దగ్గరైనా ఉంటే కింద చెప్పండి, పాలకొల్లు నుంచి కాకినాడ దాకా ఎక్కడికైనా వచ్చి పట్టుకెళ్తాను. బస్సులో వస్తాను లెండి.