సాల్వ్ ఐవీపీతో ఆరేళ్లు: వాడి చూసి చెబుతున్న మాట

బీటెక్ రెండో ఏడు గణితంలో అవకలన సమీకరణాలని అంకెలతో సాధించే పద్ధతులు టేలర్, పికార్డ్, ఆయిలర్, మోడిఫైడ్ ఆయిలర్, ఆర్‌కే (రుంగే-కుట్టా) ఫోర్త్ ఆర్డర్ అన్నీ వరసగా చదివాను. పరీక్షలో లెక్క ఎప్పుడూ ఒకటే తీరు: హెచ్ (ఒక్కో స్టెప్పు పొడవు) 0.1, రెండు స్టెప్పులు, నాలుగు దశాంశాలు. క్యాల్‌క్యులేటర్ మీద వేళ్లు చురుగ్గా ఆడితే మార్కులు పడేవి. కానీ రెండు స్టెప్పుల్లో ఏ పద్ధతి గుట్టూ బయటపడదు. ఏది ఎందుకు మంచిదో తెలియకుండానే పాసైపోయాను.

మూడో ఏడు రియాక్షన్ ఇంజనీరింగ్‌కి వచ్చాక పైథాన్‌లో సైపై లైబ్రరీ, అందులో మొదటి విలువ ఇస్తే అవకలన సమీకరణాన్ని సాధించిపెట్టే సాల్వ్ ఐవీపీ అనే ఫంక్షన్ పట్టుకున్నాను. 2019 నుంచి ఎంటెక్ ప్రాజెక్టు దాకా, ఇప్పటికీ, నా లెక్కలన్నీ దాని మీదే. ఉచితం, ఫోన్ బ్రౌజర్‌లో కూడా నడుస్తుంది. ఒక్క పదం మారిస్తే పద్ధతి మారుతుంది: ఆర్‌కే45, ఆర్‌కే23, డాప్853, రాడౌ, బీడీఎఫ్, ఎల్‌సోడా. ఒకే సమీకరణాన్ని ఆరు రకాలుగా నడిపి పోల్చుకోవడం నేర్చుకునేవాళ్లకి పెద్ద వరం. 2017లో సైపై 1.0తో ఇది రాకముందు చాలామంది సైపైలోనే ఉన్న పాత ఫంక్షన్ ఓడీఇంట్ వాడేవారు. దానికి మనం రాసిచ్చే సమీకరణంలో వై (విలువ) ముందు, టీ (సమయం) తర్వాత ఇవ్వాలి, దీనికి తలకిందులు. పాత నోట్సు చూసి రాస్తే ఇక్కడే పడతారు.

నన్ను బాగా దెబ్బతీసింది టాలరెన్స్, అంటే ఎంత తప్పుని ఒప్పుకోవాలన్న హద్దు. ఘర్షణ లేని లోలకాన్ని 300 సెకన్లు నడిపితే ఊపు మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చింది. సమీకరణంలో తప్పుందని రెండు రోజులు వెతికాను. తప్పు అక్కడ లేదు. మనం ఏమీ చెప్పకపోతే ఆర్‌టాల్ (విలువతో పోల్చి చూసే తప్పు హద్దు) వెయ్యో వంతుగా ఉంటుంది. ఆ వదులుతో ఆర్‌కే45 పెద్ద పెద్ద అడుగులు వేస్తూ ఒక్కో అడుగులో కాస్త శక్తిని మింగేస్తుంది. దాన్ని పది కోట్లలో ఒక వంతుకి బిగించాక లోలకం సరిగ్గా ఊగింది. మామూలు ఆయిలర్ దీనికి ఎదురు: కోణీయ పౌనఃపున్యం 1 ఉన్న డోలకంలో శక్తి ప్రతి స్టెప్పుకీ (1 + హెచ్ వర్గం) రెట్లు పెరుగుతూ పోతుంది. ఇది ఏ పరీక్షలోనూ నన్ను అడగలేదు, కానీ అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఏటాల్ (విలువ ఎంతైనా మారని తప్పు హద్దు) సంగతీ చూసుకోవాలి. ఏమీ చెప్పకపోతే అది పది లక్షల్లో ఒక వంతుగా ఉంటుంది. మీ రసాయనం గాఢత అంతకన్నా తక్కువైతే దాని తప్పుని సాల్వర్ లెక్కలోకే తీసుకోదు. ఇక టీ ఇవాల్‌లో (జవాబు ఏయే సమయాల్లో కావాలో చెప్పే జాబితా) ఎక్కువ బిందువులు అడిగితే కచ్చితత్వం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. గీత నున్నగా వస్తుందంతే, లోపలి స్టెప్పులు మారవు.

అసలు చదువు మొదలైంది రాబర్ట్‌సన్ సమస్య దగ్గర. 1966 నాటి రసాయన చర్యల లెక్క, మూడే రసాయనాలు, రేటు స్థిరాంకాలు 0.04, పది వేలు, మూడు కోట్లు. 40 సెకన్లు నడిపితే ఆర్‌కే45 పదుల వేల స్టెప్పులు వేసింది. రాడౌ కొన్ని పదుల్లో ముగించింది. గ్రాఫులో గీతలు నిదానంగానే వంగుతున్నా, కళ్లకి కనిపించకుండా వెంటనే చచ్చిపోయే ఒక భాగం అడుగుని వెయ్యో వంతు సెకను దాటనివ్వదు. స్టిఫ్ అంటే ఏమిటో ఆ రోజు అర్థమైంది. తరగతిలో ఆ మాట ఒక్కసారి కూడా వినలేదు, అందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

లోపాలూ ఉన్నాయి. స్థిరమైన స్టెప్పుతో నడిచే పద్ధతి ఇందులో లేదు, గ్రహాల కక్ష్యల్లాంటి సుదీర్ఘ లెక్కలకి పనికొచ్చే, శక్తిని ఎక్కువ కాలం చెదరనివ్వని సింప్లెక్టిక్ పద్ధతులూ లేవు. అవి మనమే రాసుకోవాలి. ఈవెంట్ సౌకర్యం మాత్రం చక్కగా ఉంది, ట్యాంకు ఖాళీ కాగానే ఆగమని ముందే చెబితే లెక్క అక్కడే ఆగుతుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లు నేరుగా దీనిలోకి దూకొద్దు. వై ప్రైమ్ (వై మారే రేటు) = వై తీసుకుని, 0 దగ్గర వై 1తో మొదలుపెట్టి, హెచ్ 0.1తో 1 దాకా సొంతంగా కోడ్ రాయండి. ఆయిలర్ 2.5937 ఇస్తుంది, నిజం 2.71828. హెచ్ సగం చేస్తే 2.6533, తప్పు కూడా దాదాపు సగం. అదే 0.1తో ఆర్‌కే ఫోర్త్ ఆర్డర్ 2.71828 తెస్తుంది, తేడా ఆరో దశాంశంలో. ఆర్డర్ అన్న మాటకి అర్థం ఈ అంకెల్లో ఉంది.

మా ల్యాబ్‌కి వచ్చే జూనియర్లకి మొదట ఇచ్చేది వై ప్రైమ్ = మైనస్ 50 వై. హెచ్ 0.05, మొదలు 1. ఆయిలర్‌తో 1, మైనస్ 1.5, 2.25, మైనస్ 3.375 అని రాస్తూ ఆగి, "అన్నా, ఇది సున్నాకి రావాలి కదా?" అంటారు. హెచ్ 0.04 కన్నా తక్కువ ఉండాలని అప్పుడు చెబుతాను. తర్వాత అదే 0.05తో బ్యాక్‌వర్డ్ ఆయిలర్ (స్టెప్పు మొదటి రేటు బదులు చివరి రేటు వాడేది) చేయిస్తాను, ప్రతిసారీ 3.5తో భాగించడమే: 1, 0.2857, 0.0816.