ఓవెన్ అక్కర్లేని ఉక్రెయిన్ వేఫర్ కేకు: పదేళ్లు చేశాక నా మాట

వైద్యం చదవడానికి 2014లో ఉక్రెయిన్‌లోని విన్నిత్సా నగరానికి వెళ్లిన నేను, రెండో ఏడాది నుంచి విషెన్‌కా అనే పేటలో ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఉన్నాను. ఆవిడను త్యోత్యా అని పిలిచేవాణ్ణి, మనం పిన్నిగారు అన్నట్టు. ఆవిడ వంటింట్లో ఓవెన్ ఉండేది కానీ దాన్ని వెలిగించగా నేను చూడలేదు. బాణలీలు, మూతలు దాచుకునే బీరువా అది. అయినా ఆ ఇంట్లో పుట్టినరోజులకు, కొత్త సంవత్సరానికి, మార్చి 8న మహిళా దినోత్సవానికి కేకు తప్పేది కాదు. ఆ కేకే ఇది, వాఫెల్నీ తోర్త్. సన్నటి వేఫర్ రేకుల మధ్య ఉడికించిన తీపి పాల క్రీము రాసి, పొర మీద పొర పేర్చి, ఒక రాత్రంతా బరువు కింద ఉంచి, పొద్దున్నే కోసుకుంటారు.

అప్పటి నుంచి విడవకుండా చేస్తున్నాను. ఇప్పుడు ఉద్యోగం జర్మనీలో, లైప్‌జిగ్‌లో. ఏడాదికి అయిదారుసార్లయినా చేస్తాను. సొంతూరు రాజమండ్రి వెళ్లినప్పుడు ఒకసారి తప్పదు. లెక్కవేస్తే యాభై దాటి ఉంటాయి. అందులో ఓ పన్నెండు చెడిపోయాయి. ఆ పన్నెండింటిలో తొమ్మిదింటికి కారణం ఒక్కటే, తడి. ఈ కేకులో తడి ఎక్కడి నుంచి వస్తుందో, ఎప్పుడు రావాలో పట్టుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. వంట పుస్తకాల్లో ఆ సంగతి ఉండదు. రేకుల మధ్య క్రీము రాయండి, అంతే అని ఉంటుంది.

ముందు రేకుల సంగతి. ఉక్రెయిన్‌లో వీటిని కోర్జీ అంటారు. కిరాణా కొట్లలో బిస్కెట్ల అరలోనే దొరుకుతాయి, గుండ్రటివి, పలకలవి. మైదా, నీళ్లు, కాస్త నూనె, ఉప్పు, సోడా, చాలాసార్లు గుడ్డు పచ్చసొన. తీపి ఉండదు. ఉత్తదే నమిలితే ఐస్‌క్రీమ్ కోను అడుగు ముక్కలా ఉంటుంది. ఈ రేకులను ఇంట్లో ఎవరూ కాల్చుకోరు. మన దగ్గర ఆత్రేయపురంలో రేకులు తీసేవాళ్లు తీస్తే, వాటిని తెచ్చుకుని నెయ్యి, బెల్లం పెట్టి చుట్టుకునే ఇళ్లు ఉన్నాయి కదా, ఇదీ అలాంటి ఏర్పాటే. పశ్చిమాన ల్వీవ్ వైపు ఈ కేకును అంద్రూట్ అంటారు. పోలండ్‌లోనూ అంద్రూతీ ఉన్నాయి. అక్కడి కాలిష్ ఊరి రేకులకు 2009లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు ఇచ్చింది, మన పూతరేకులకు 2023లో వచ్చినట్టే. అవి మాత్రం మధ్యలో ఏమీ పెట్టకుండా ఉత్తవే తింటారు. ఎందుకు తింటారో నాకు అర్థం కాలేదు.

ప్యాకెట్ కొనేటప్పుడు నేను దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపుతాను. కొట్టులో నన్ను వింతగా చూస్తారు, చూడనివ్వండి. పొడి రాలిన చప్పుడు వస్తే లోపల విరిగినట్టు. ఒక రేకు విరిగితే ఫరవాలేదు, క్రీముతో అతికించి మధ్య పొరలో పెట్టవచ్చు, కోసినప్పుడు ఎవరికీ తెలియదు. అసలు ప్రమాదం విరగని ప్యాకెట్‌లో ఉంటుంది. అతుకు దగ్గర సూదిమొనంత చిల్లు ఉన్నా గాలిలోని తేమ లోపలికి పోయి రేకులు మెత్తబడతాయి. ఇంటికి తెచ్చాక ఒక మూల తుంచి చూస్తాను. టక్కుమని విరగాలి. వంగి విరిగితే ఆ ప్యాకెట్ పనికిరాదు. అలాంటి రేకును పెనం మీద వేడిచేసి కాపాడదామని రెండుసార్లు చూశాను. గట్టిపడిన మాట నిజమే కానీ గొడుగులా ముడుచుకుంది. దాని మీద బరువు పెట్టగానే నాలుగు ముక్కలయింది.

గుడ్డు తినని ఇళ్లవాళ్లు వెనకున్న చీటీ చదవాలి. మా నాయనమ్మ పెట్టిన మొదటి ప్రశ్న రుచి గురించి కాదు, గుడ్డు గురించే. నేను లేదు అన్నాను. తర్వాత చీటీ చూస్తే ఉంది. ఆ సంగతి ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు. ఆ తర్వాత నుంచి గుడ్డు లేనివి వెతికి కొంటున్నాను, దొరుకుతాయి.

ఇక పాలు. ఉక్రెయిన్‌లో చక్కెర కలిపి చిక్కబరచిన పాలు సోవియట్ కాలం నుంచి నీలం, తెలుపు చీటీ ఉన్న డబ్బాల్లో వస్తున్నాయి. చీటీ మీద 8.5 శాతం అని ఉంటుంది, అది పాలకొవ్వు. త్యోత్యా నాకు నేర్పిన మొదటి పాఠం వంట కాదు, చదవడం: డబ్బా మీద 'పాలు' అని ఉందా, లేక ఏదో 'ఉత్పత్తి' అని ఉందా చూసుకో అనేది. రెండోదాంట్లో వనస్పతి లాంటి కొవ్వు కలుస్తుంది. అది ఉడికించినా రంగు వస్తుంది కానీ వాసన రాదు, క్రీము అంగిట్లో మైనంలా అంటుకుంటుంది. నేను చేసిన అన్నిటిలోకీ రుచి తక్కువ కేకు అలాంటి డబ్బాతో చేసిందే.

ఈ పాలను ఉడికిస్తేనే కేకుకు పనికొస్తాయి. మూత తీయని డబ్బాను గిన్నెలో పెట్టి, పైన రెండు వేళ్లు నీళ్లు నిలిచేలా పోసి, చిన్న మంట మీద రెండున్నర గంటలు ఉంచడం అక్కడి పాత పద్ధతి. పాలలోని ప్రొటీను, చక్కెరలు వేడికి కలిసి గోధుమరంగుకు తిరుగుతాయి. పాలకోవా ఇక అడుగంటబోతుందనగా వచ్చే వాసన ఉంటుందే, అది డబ్బా అంతా నిండుతుంది. ఇందులో ఒకటే షరతు, నీళ్లు ఎప్పుడూ డబ్బాను ముంచి ఉండాలి. 2017 జనవరిలో, ఫార్మకాలజీ పరీక్ష ముందు రాత్రి, నేను డబ్బాను పొయ్యి మీద పెట్టి పుస్తకం మీద తలపెట్టి పడుకున్నాను. టపాసు పేలినట్టు చప్పుడైతే లేచాను. నీళ్లు ఇగిరిపోయాయి, గిన్నె మూత కిటికీ దగ్గర పడి ఉంది, తెల్లటి పైకప్పు మీద మనిషి చేయి చాచినంత మేర గోధుమరంగు పాకం నెమ్మదిగా కిందికి సాగుతోంది. అదృష్టం ఏమిటంటే వంటింట్లో ఎవరూ లేరు. త్యోత్యా వచ్చి పైకి చూసింది. తిట్టలేదు. స్టూలు వేసుకుని ఎక్కి, వెన్న కత్తితో కాస్త గీకి నోట్లో వేసుకుని, "ఇంకో అరగంట ముందే దించాల్సింది" అంది. ఆ మరక మీద రెండుసార్లు సున్నం వేయించాను. వేసవి వచ్చేసరికి మళ్లీ పసుపుగా పైకి తేలేది.

అందుకని మూసిన డబ్బాను ఉడికించమని నేనెవరికీ చెప్పను, ముఖ్యంగా పైన రింగు లాగి తెరిచే డబ్బాలను. జర్మనీలో తూర్పు ఐరోపా సరుకుల కొట్లలో ఉడికించినవే దొరుకుతాయి, అవి తెచ్చుకుంటాను. రాజమండ్రిలో అయితే పాలను స్టీలు డబ్బాలో పోసి, మూత బిగించి, జున్ను పెట్టినట్టు కుక్కర్లో సగం మునిగేలా నీళ్లు పోసి పెడతాను. మొదటి కూత వచ్చాక మంట తగ్గించి నలభై నిమిషాలు. ఆవిరి దానంతటదే పోయేదాకా తెరవకూడదు. చల్లారాక గట్టిగా, కాస్త పలుకులుగా ఉంటుంది. గరిటెతో బాగా కలిపితే సాఫుగా వస్తుంది.

క్రీము లెక్క సులువు. ఉడికించిన పాలు 370 గ్రాములు, ఉప్పు వేయని వెన్న 200 గ్రాములు, చిటికెడు ఉప్పు. రెండూ గది వేడిలోనే ఉండాలి. ఒకటి చల్లగా, ఒకటి వెచ్చగా ఉంటే విరుగుతుంది. వెన్నను ముందు ఒక్కదాన్నే తెల్లబడేదాకా గిలకొట్టి, పాలను ఒక్కో చెంచా కలుపుతూ పోవాలి. ఉక్రెయిన్‌లో వెన్న రెండు రకాలు, 82 శాతం కొవ్వుది ఒకటి, 73 శాతందొకటి. రెండోది చవక, అందులో నీళ్లు ఎక్కువ. చదువుకునే రోజుల్లో అదే కొనేవాణ్ణి. రేకులు రాత్రికి రాత్రి తడిసిన అట్టలా ఎందుకయ్యేవో అప్పట్లో తెలియలేదు.

2018 వేసవి సెలవుల్లో ఇంట్లో చేసినప్పుడు, కొన్న వెన్న ఎందుకురా అని అమ్మ చిలికిన వెన్న ముద్ద ఇచ్చింది. చూడటానికి మల్లెపువ్వులా ఉంది. సగం పాలు కలిపేసరికి గిన్నె అంచున నీళ్లు ఊరడం మొదలైంది, ఇంకాస్త గిలకొడితే మొత్తం పలుకులు పలుకులుగా విడిపోయింది. "ఏమిట్రా ఇది, మజ్జిగ వాసన వేస్తోంది" అంది అమ్మ. తప్పు వెన్నది కాదు, నాది. ఇంటి వెన్నలో మజ్జిగ నిలిచి ఉంటుంది. చల్లటి నీళ్లలో నాలుగైదుసార్లు పిసికి, గుడ్డలో వేసి పిండితే తప్ప ఈ పనికి రాదు. ఆ క్రీము వారం రోజులు చపాతీల్లోకి వెళ్లింది. అందరికీ నచ్చింది కూడా, అది వేరే సంగతి.

పేర్చడం పది నిమిషాల పని. నేను కొనే ప్యాకెట్‌లో ఎనిమిది రేకులు, అంటే ఏడు పొరల క్రీము. ఒక్కో పొరకు దాదాపు 80 గ్రాముల క్రీమే వస్తుంది, అంతకు మించి ఉండకూడదు. మొదటిసారి చేసేవాళ్లంతా ఇక్కడే పొరపడతారు. మూడు పొరలకే క్రీమంతా వాడేసి, పైపొరలకు గీకి గీకి రాస్తారు. రేకుకు ఒకవైపు గళ్లు లోతుగా, ఇంకోవైపు పైపైన ఉంటాయి. లోతు గళ్ల వైపు వెడల్పాటి కత్తితో రాస్తే ఒక్కో గడిలో క్రీము దిగి, గోడల అంచులు మాత్రం పైకి కనిపిస్తుంటాయి. ఆ అంచులు కనిపించినంత వరకే రాయాలి, మునిగిపోతే ఎక్కువైనట్టు. అంచుల దాకా తప్పక రాయాలి, లేకపోతే మర్నాటికి మధ్యలో మెత్తగా, చుట్టూ అప్పడంలా ఉంటుంది. రెండు పొరలకు ఒకసారి వేయించిన అక్రోటు పలుకులు చల్లుతాను, మొత్తం 120 గ్రాములు. పొడి చేయవద్దు. విన్నిత్సా వైపు ఇళ్ల ముందే అక్రోటు చెట్లుంటాయి. త్యోత్యాకు పల్లె నుంచి బస్తాల్లో వచ్చేవి, ఆవిడ ఏనాడూ కొలిచి వేయలేదు.

రాసిన రెండు మూడు నిమిషాలకే రేకు చెవులు లేస్తాయి. ఒకవైపు తడి తగిలి సాగుతుంది, రెండోవైపు పొడిగానే ఉంటుంది, దాంతో మూలలు పైకి ముడుచుకుంటాయి. కంగారు పడక్కర్లేదు. ఎనిమిదో రేకు బోర్లించాక పైన కాగితం, దాని మీద కూరలు తరిగే చెక్క, దాని మీద రెండు కిలోల బరువు. విద్యార్థిగా ఉన్నప్పుడు అనాటమీ అట్లాస్ పెట్టేవాణ్ణి, ఆ పుస్తకం నాకు ఎక్కువగా ఉపయోగపడింది ఈ పనికే. రాజమండ్రిలో కందిపప్పు డబ్బా. మొదటి గంటలో తింటే కరకరలాడుతుంది కానీ క్రీము ఒక దారి, రేకు ఒక దారి. ఆరు గంటలకు పన్నుకు సాగుతుంది, అప్పుడు కోస్తే పొరలు జారిపోతాయి. పన్నెండు గంటలు దాటాకే కత్తి నిటారుగా దిగుతుంది, కొరికితే గళ్ల గోడలు సన్నగా చిట్లిన చప్పుడు ఇంకా వినిపిస్తుంది. రెండో రోజు ఇంకా బాగుంటుంది. నాలుగో రోజుకు చప్పుడు పోతుంది, నేనైతే అక్కడితో ఆపేస్తాను.

దీని మీద నాకున్న పెద్ద ఫిర్యాదు తీపి. త్యోత్యా చేసినట్టే చేస్తే రెండో ముక్క తినలేం. 2022లో యుద్ధం మొదలయ్యాక మా పై అంతస్తులోకి ఉక్రెయిన్‌లోని హార్కివ్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఆ ఇల్లాలు వెన్న కలపదు, ఉత్త పాలపాకమే రాసి, మూడో పొరకు, అయిదో పొరకు పుల్లటి నల్లద్రాక్షలాంటి స్మొరోదినా జామ్ వేస్తుంది. రుచి బ్రహ్మాండం. నేను చేస్తే మాత్రం జామ్ నీరు దిగి రేకులు నానిపోయాయి. ఆవిడ జామ్‌ను ముందు పొయ్యి మీద ఇగరబెడుతుందట, ఆ ముక్క చెప్పడం మరిచిపోయింది. ఇప్పుడు జర్మనీలో దొరికే చిక్కటి ప్లమ్ పండ్ల ముద్ద, ఫ్లౌమెన్‌మూస్ అంటారు, అది రాస్తాను. పులుపు ఉంటుంది, నీరు వదలదు. వెన్న విషయంలో మా ఇద్దరికీ రాజీ కుదరలేదు.

త్యోత్యా ఇప్పటికీ విషెన్‌కాలోనే ఉంది. 2022 జూలై 14న విన్నిత్సా నడిబొడ్డున క్షిపణులు పడిన రోజు సాయంత్రం దాకా ఫోను ఎత్తలేదు. ఎత్తాక తన సంగతి రెండు మాటల్లో ముగించి, జర్మనీ వెన్న మంచిదేనా అని అడిగింది. మంచిదే, 82 శాతం అన్నాను.

చివరగా, మన ఊళ్లలో చేసేవాళ్లకు. మే నెలలో గోదావరి గాలికి రేకు ప్యాకెట్ విప్పిన పావుగంటలో మెత్తబడుతుంది. ఏసీ గదిలో కూర్చుని పేర్చాలి, క్రీము సిద్ధమయ్యేదాకా ప్యాకెట్ విప్పకూడదు. ఆ ఎండల్లో వెన్న నిలవదు కాబట్టి బరువుతో సహా ఫ్రిజ్‌లోనే ఉంచాలి. రెండు పొరలు కాగితం చుట్టి పెట్టకపోతే పక్కనున్న ఆవకాయ వాసన పట్టేస్తుంది, ఇది ఊహించి చెప్పడం లేదు. బయట పెట్టాల్సి వస్తే నీళ్లు పోసిన పళ్లెంలో గిన్నె బోర్లించి దాని మీద పెట్టండి, చీమలకు ఈ కేకు సంగతి మనకంటే ముందే తెలుస్తుంది.

ఈసారి వేసవికి కాకుండా సంక్రాంతికి వెళుతున్నాను. సూట్‌కేసులో చొక్కాల మధ్య మూడు ప్యాకెట్లు నిలువుగా సర్దాను, మూడూ గుడ్డు లేనివే.