సోలార్ స్టిల్‌తో కొన్నేళ్లు: కిటుకంతా ఆ గాడిలోనే

ఉప్పునీళ్లను ఎండతో మంచినీళ్లు చేసే ఈ పెట్టె గురించి ఎవరు అడిగినా ముందు గాడి సంగతే చెబుతాను. పెట్టెలో ఉప్పునీళ్లు ఎండకు ఆవిరై, పైనున్న ఏటవాలు అద్దానికి లోపలివైపు నీరుగా పడతాయి. ఆ అద్దం కింది అంచున, జారివచ్చే నీటిని పట్టి సీసాలోకి పంపే సన్నటి కాలువే గాడి. మా పెట్టెకి దాన్ని ప్లాస్టిక్‌తో చేసి ఇచ్చారు. నా కోపమంతా దాని మీదే.

మొదట్లో మాత్రం మురిసిపోయాం. మా బోరు నీళ్లలో ఉప్పుతో పాటు ఫ్లోరైడ్ కూడా ఉంది. పోసిన నీళ్లకు టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) వేలల్లో చూపిస్తే, సీసాలో పడ్డవాటికి పదో పన్నెండో చూపించేది. పొద్దుగుంకి అద్దం చల్లబడ్డాక కూడా, లోపలి నీళ్లు ఇంకా వేడిగానే ఉండటంతో చుక్కలు పడుతూనే ఉండేవి.

తర్వాతి వేసవిలో రాబడి పడిపోయింది. ఎండ మండిపోతోంది, సీసా మాత్రం సగం కూడా నిండదు. ఆవిరి ఎక్కడో పోతోందేమోనని అంచులన్నీ తడిమి చూశాం, సందులకు పూసిన సిలికాన్ బంక చెక్కుచెదరలేదు. దుమ్ము పట్టిందేమోనని అద్దం కడిగాం. చివరికి ఒక మధ్యాహ్నం కింది అంచు వైపే కళ్లు పెట్టి కూర్చుంటే తెలిసింది. నీరు పలుచని పొరలా అద్దం వెంట చక్కగానే జారుతోంది. అంచు దాకా వచ్చి, బొట్టుగా లావెక్కి, గాడిలో పడకుండా పక్కనున్న ఉప్పునీళ్లలోకే టపీమని రాలుతోంది. లోపలి వేడికి గాడి మధ్యలో కుంగి అద్దానికి ఎడంగా జరిగింది.

లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 0.65 యూనిట్ల (కరెంటు బిల్లులో లెక్కేసే యూనిట్లే) వేడి కావాలి. మంచి ఎండ ఉన్నరోజు చదరపు మీటరు మీద పడేదే 5, 6 యూనిట్లు. అందులో చాలా వేడి అద్దం నుంచీ పక్కల నుంచీ పోతుంది. 2 నుంచి 5 లీటర్లు చేతికొస్తే అదే ఎక్కువ. అంత ఎండ తిని ఆవిరై, మళ్లీ నీరైన బొట్టు తీరా వేలెడు దూరంలో ఉప్పులో కలిసిపోతుంటే కడుపు మండదా? అమ్మినవాళ్లు ఇంకో ప్లాస్టిక్ గాడే పంపుతామన్నారు. వద్దని స్టీలు రేకు వంచించి పెట్టించాం. అది ఇప్పటికీ వంకర పోలేదు. కొనేవాళ్లు అద్దం ఎత్తించి మరీ ఆ గాడిని చూసుకోండి.

పెట్టాక దీనికి పనేమీ ఉండదని చాలామందికి చెప్పాను. అంత తేలికేమీ కాదు. నల్లటి అడుగు మీద ఉప్పు తెల్లగా పేరుకుంటే ఎండను వెనక్కి కొట్టేస్తుంది. అందుకే చిక్కబడ్డ నీళ్లు తరచూ వదిలేసి, పెచ్చు కట్టకముందే కడుగుతున్నాం. ముసురు పట్టిన రోజుల్లో నీళ్లు దాదాపు రావు.

మాకు సరిపోతోందంటే తాగేది ఇద్దరమే, నీడ పడని డాబా ఉంది, నీళ్లలో బెడద ఉప్పూ ఫ్లోరైడే. అవి ఆవిరితో పైకి లేవవు. పెట్రోలు వాసనో పురుగుమందు అనుమానమో ఉన్న నీళ్లయితే దీన్నొక్కదాన్నే నమ్మను. అలాంటివి కొన్ని ఆవిరితో పాటే వచ్చి సీసాలో చేరతాయి. ఇంటినిండా మనుషులుంటే, వంటకీ ఇవే నీళ్లు కావాలంటే ఒక్క పెట్టె చాలదు.