సంగీతం నేర్చుకోని శ్రోతకు ఏది మేలు: సినిమా పాటా, కచేరీనా, ఒక్క కీర్తనా?

స్వరజ్ఞానం లేని తెలుగువారు కర్ణాటక సంగీతానికి దగ్గర కావడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి: సినిమా పాటలు వినడం, కచేరీలకు వెళ్లడం, ఒకే కీర్తనను పట్టుకొని పదే పదే వినడం. పెద్దవయసులో గురువు దగ్గర తొలి పాఠాలైన సరళీ స్వరాలు మొదలుపెట్టడం కూడా మంచిదే గాని, వినడంలో రుచి పుట్టాక చేయవలసిన పని అది.

మొదటి దారి ఎంత బలమైనదో 1980లో వచ్చిన ‘శంకరాభరణం’ చూపించింది. గురుముఖంగా శాస్త్రీయ సంగీతం అభ్యసించని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఆ పాటలు పాడి జాతీయ పురస్కారం అందుకున్నారు. సదాశివ బ్రహ్మేంద్రుల ‘మానస సంచరరే’ను, మైసూరు వాసుదేవాచార్యుల ‘బ్రోచేవారెవరురా’ను రాగం పేరైనా తెలియనివారు సైతం కూనిరాగం తీసేలా చేసింది ఆ చిత్రమే. చెవిని మచ్చిక చేసుకోవడంలో సినిమా పాటకు సాటి లేదు. అయితే అది నాలుగైదు నిమిషాల్లో ముగుస్తుంది, ఆలాపన విస్తరించడానికి చోటుండదు. పైగా కథ, నటన, వాద్యగోష్ఠి కలిసి ఇచ్చే ఆనందంలో రాగం వంతు ఎంతో శ్రోతకు తెలియదు.

కచేరీలో ఈ లోపం లేదు. వయొలిన్ గాయకుణ్ణి నీడలా అనుసరించడం, మృదంగం ముగింపు దరువైన ముక్తాయింపుతో గాయకుడు సరిగ్గా పాట మొదలయ్యే ఎత్తుగడకు వచ్చి చేరడం కళ్లెదుటే జరుగుతాయి. చేత్తో ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆపై రెండుసార్లు దెబ్బా విసురూ కలిస్తే ఎనిమిది క్రియల ఆదితాళం. పక్కవారి చేతిని గమనిస్తే కాసేపట్లో ఎవరికైనా పట్టుబడుతుంది. కాని ఏ కీర్తనా ముందుగా తెలియకుండా వెళ్లినవారికి రెండు మూడు గంటలు కూర్చోవడం బరువే. పుష్య బహుళ పంచమికి ఊరూరా జరిగే త్యాగరాజ ఆరాధనల్లో పంచరత్న కీర్తనల బృందగానం వినడం వారికి ఇంతకంటే సులువైన ఆరంభం.

నా ఓటు మాత్రం మూడో దారికే. త్యాగరాజస్వామి మన భాషలో రాసినందువల్ల, స్వరం తెలియకపోయినా భావం చేయి పట్టుకొని లోపలికి తీసుకువెళుతుంది; ఈ భాగ్యం ఉండి కూడా చాలామంది సాహిత్యం మీద దృష్టి పెట్టకుండానే ఈ సంగీతం తమకు అందదనుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఆభేరి రాగంలో ‘నగుమోము గనలేని’ కీర్తననే తీసుకోండి. పల్లవి ‘శ్రీరఘువర నీ’ అన్నచోట ఆగుతుంది. ఆ ‘నీ’కి అర్థం పూర్తి కావాలంటే మళ్లీ మొదటికి వచ్చి ‘నగుమోము’ను అందుకోవలసిందే, అలా తిరిగి వచ్చినప్పుడల్లా అదే మాట కొత్త స్వరాల మలుపుతో, కొత్త సంగతితో, మరికొంత ఆర్తితో వినిపిస్తుంది. సంగతి అంటే ఏమిటో ఎవరూ నిర్వచించి చెప్పకుండానే చెవికి తెలిసిపోతుంది. చరణంలో, గరుత్మంతుడు నీ ఆజ్ఞ విని వేగంగా బయలుదేరలేదా, లేక ఆకాశానికీ భూమికీ చాలా దూరమన్నాడా అని రాముణ్ణి నిలదీసే భక్తుడి అలక అర్థమైనవారికి, ఆ చోట రాగం ఎందుకు పైకి ఎగసిందో వేరే చెప్పనక్కరలేదు.

ముందుగా మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతులో దీన్ని వినండి. మాట స్పష్టంగా వినబడుతుంది. కొన్నాళ్లకు మరో ఇద్దరు ముగ్గురు గాయకులు పాడినది, ఆ తరువాత వయొలిన్ మీదో వేణువు మీదో వాయించినది వినాలి. సాహిత్యం లేని వాద్యంలో కూడా పల్లవిలోని ‘నా జాలి తెలిసి’ అన్న చోటు గుర్తుపట్టగలిగితే, రాగం మీకు పరిచయమైనట్టే. ఇక కచేరీకి నిశ్చింతగా వెళ్లవచ్చు; వీలైతే మృదంగ విద్వాంసుడి చేతులు కనిపించేంత దగ్గరలో కూర్చోండి.