కోహినూర్‌కి పోయిన తరుగు, మాకు పోయిన పౌండ్లు

106 పౌండ్ల 20 పెన్నీలు. లండన్‌లో మా ముగ్గురి దగ్గర ఊరికే ఊడిన డబ్బు ఇది. పౌండు 106 రూపాయలున్న రోజులు కాబట్టి పదకొండు వేల పైమాటే. వెళ్ళొచ్చి ఇన్నాళ్ళయినా ఆ లెక్క నా నోట్లోంచి పోవడం లేదని మా ఆయన విసుక్కుంటున్నారు. అందుకే ఇక్కడ రాసేస్తున్నాను.

2023 జులైలో మా అబ్బాయి కాన్వొకేషన్‌కి లీడ్స్ వెళ్ళాం. నేను, మా ఆయన, 71 ఏళ్ళ మా అత్తయ్య. లీడ్స్‌లో వారం రోజులు హాయిగా గడిచింది, చెప్పడానికేం లేదు. తిరుగు ప్రయాణానికి ముందు మూడు రోజులు లండన్‌లో పెట్టుకున్నాం. అత్తయ్యకి ఒక్కటే కోరిక, టవర్ ఆఫ్ లండన్ కోటలో ఉన్న కోహినూర్ వజ్రం: "ఆ రాయి చూపించండి చాలు." ఆవిడ పుట్టిల్లు బెల్లంకొండ వైపు. కోహినూర్ అక్కడికి దగ్గర్లోని కొల్లూరు గనిలో దొరికిందని అందరూ "అంటారు". అత్తయ్యకి మాత్రం ఆ "అంటారు" లేదు. దొరికింది, అంతే.

ముందు బస సంగతి. ఈస్ట్ హామ్‌లో ఒక ఇంట్లో గది తీసుకున్నాం. మన తెలుగువాళ్ళే, వంటగది వాడుకోవచ్చు అన్నారు. రాత్రికి 85 పౌండ్లు, మూడు రాత్రులకి 255. తీరా వెళ్తే గది ఇంటి కప్పు కింద అటక. నిటారుగా ఉన్న మెట్లు రెండంతస్తులు ఎక్కాలి. అత్తయ్య ఒక్కో మెట్టుకీ ఒక్కో దేవుణ్ణి తలచుకుంది. కప్పు ఏటవాలుగా ఉండటంతో మా ఆయన మొదటి రాత్రే తల రెండుసార్లు కొట్టుకున్నారు. కిటికీకి కర్టెన్ లేదు, జులైలో అక్కడ ఐదు కాకుండానే తెల్లారిపోతుంది. ఇవన్నీ సర్దుకున్నాం. వంటగది మాత్రం రాత్రి ఎనిమిదికి తాళం వేస్తే మళ్ళీ పొద్దున ఏడుకే తీస్తారట! ఆ ముక్క ముందు చెప్పలేదు. నాలుగున్నరకి లేచి కాఫీ తాగకపోతే మా అత్తయ్యకి రోజు మొదలవదు. గుంటూరు నుంచి ఫిల్టరు, పొడి మోసుకెళ్ళాం. ఫిల్టరు సూట్‌కేసులోంచి బయటికి రాలేదు. "తాళం ఎందుకమ్మా, నేనేమన్నా గ్యాస్ బండ ఎత్తుకుపోతానా" అని ఆవిడ పైమెట్టు మీద కూర్చుని అంటుంటే ఇంటాయన కింది నుంచి "రూల్స్ ఆంటీ" అన్నాడు. ఇల్లు కూడా పంపు తిప్పితే పైనుంచి చప్పుడొచ్చే రకం.

ఆ ఇంటాయనే మా ఆయనకి ఒక టూరు మనిషి నంబరు ఇచ్చాడు. అందులో ఆయనకెంత వాటా ఉందో ఆయనకే తెలియాలి. వాట్సాప్‌లో రంగుల బొమ్మ వచ్చింది: రాణి గారి నగల స్పెషల్ టూర్, కోహినూర్, నిజాం హారం, తెలుగు గైడ్, మనిషికి 69 పౌండ్లు. నన్ను ఒక్కమాట అడగకుండా మా ఆయన 207 పౌండ్లు కట్టేశారు.

పదిన్నరకి టవర్ హిల్ స్టేషన్ బయట ఉండమన్నారు. గైడ్ పదకొండూ ఐదుకి వచ్చాడు. తెలుగులో "బాగున్నారా, రండి, త్వరగా, చూడండి" వచ్చు, మిగతాదంతా హిందీ. బయట గోడ చుట్టూ ఇరవై నిమిషాలు తిప్పి చేతిలో టికెట్లు పెట్టాడు. దాని మీద ధర చూశాను. 33 పౌండ్ల 60 పెన్నీలు. మనిషికి 35 పౌండ్ల 40 పెన్నీలు ఎక్కువ కట్టాం. అరవై ఐదు దాటినవాళ్ళకి టికెట్ ఇంకా తక్కువన్న సంగతి తర్వాత తెలిసింది. సరే, గైడ్ ఖర్చు అనుకుందాం. నగలున్న భవనం దగ్గర యాభై నిమిషాలు క్యూలో నిలబడ్డాక ఆ గైడ్ ఏమన్నాడనుకున్నారు? "లోపల నేను మాట్లాడకూడదు మేడమ్, మీరు చూసి రండి" అని పచ్చికలో కాకుల దగ్గర నిలబడ్డాడు. పక్కనే ఎర్ర అంచుల ముదురు నీలం కోటు వేసుకున్న కోట కాపలాదారు ఒకాయన వందమందిని చుట్టూ పోగేసి కథలు చెబుతున్నాడు. అందరూ విరగబడి నవ్వుతున్నారు. ఆ టూరు టికెట్‌లోనే ఉంటుంది, పైసా అదనం లేదు! అప్పుడు మొదలైంది నాకు మంట.

లోపల ఫొటోలు తీయనివ్వరు. చీకటి గదులు, మందపాటి తలుపులు. కిరీటాలున్న చోట నేల మీద కదిలే పట్టీ ఉంటుంది, ఎయిర్‌పోర్టులో ఉంటుందే, అలాంటిది. దాని మీద నిలబడితే అదే మనల్ని అద్దాల ముందు నుంచి లాక్కుపోతుంది. దేవుడి దర్శనంలో "జరగండి జరగండి" అనేవాళ్ళ పని ఇక్కడ మిషను చేస్తుంది. రాజదండంలో 530 క్యారెట్ల కల్లినన్ వజ్రం. ఇంకో కిరీటంలో దాని చెల్లెలు 317 క్యారెట్లది, దానికి తోడు మరో రెండు వేల ఎనిమిది వందల పైచిలుకు వజ్రాలు. నిజం చెప్పాలంటే నా కంటికి ఆ పెద్ద రాయి ఆనలేదు. అంత రాయి మన పెళ్ళిళ్ళలో ఎవరి మెళ్ళో కనబడినా గిల్టు అనుకుంటాం.

కోహినూర్ ఉన్నది 1937లో రాణి ఎలిజబెత్‌కి, అంటే 2022లో పోయిన మహారాణి గారి తల్లికి చేయించిన కిరీటంలో. ప్లాటినం చట్రం, ఊదారంగు ముఖమల్ టోపీ, ముందువైపు శిలువ మధ్యలో ఆ రాయి. ఇంతా చేస్తే పెద్ద గంగరేగు పండంత. రంగు లేదు, నీళ్ళలా ఉంది. చూసేలోపే పట్టీ లాగేసింది. వెనక్కి తిరిగి వచ్చి మళ్ళీ ఎక్కాం. అలా మూడుసార్లు. ఎవరూ అడ్డు చెప్పలేదు, మీరూ మొహమాటపడకండి. మూడోసారికి అత్తయ్య చెవి కమ్మలు తడుముకుంటూ అడిగింది: "ఇది మునుపు ఇంకా పెద్దదని కదా చెప్పేవాళ్ళు?"

నిజమే. 1849లో లాహోరు ఒప్పందంలో పంజాబు రాజు, పదేళ్ళ దులీప్ సింగ్ చేత ఇంగ్లీషువాళ్ళు ఇప్పించుకున్నప్పుడు దాని తూకం 186 క్యారెట్లు. 1851లో లండన్ ఎగ్జిబిషన్‌లో పెడితే జనం ఎగబడి చూసి, ఇందులో మెరుపేదని పెదవి విరిచారట. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్‌కి అది నచ్చక, మరుసటేడు హాలండ్ పనివాళ్ళని పిలిపించి కొత్త కోత కోయించాడు. 38 రోజుల పని, 8,000 పౌండ్ల ఖర్చు. చివరికి మిగిలింది 105.6 క్యారెట్లు. నేను ఫోన్‌లో లెక్కేసి 43 శాతం పోయిందని చెప్పాను. అత్తయ్య పట్టీ మీదే ఆగబోయింది. "నలభై మూడు శాతం తరుగా! మన ఆచారి తొమ్మిది అంటేనే కొట్టు దిగి వచ్చేస్తామే!" వెనకున్న జపాన్ వాళ్ళో ఎవరో ఉలిక్కిపడ్డారు.

అంతకు రెండు నెలల ముందే కొత్త రాణి కెమిల్లాకి పట్టాభిషేకం జరిగింది. ఆవిడ ఈ రాయి జోలికి పోకుండా మేరీ రాణి కిరీటం పెట్టుకుంది. గొడవెందుకని అయ్యుంటుంది. కోటలో కూడా ఇప్పుడు ఈ రాయిని గెలుపుకి గుర్తుగా చేతులు మారిన వస్తువుగా చూపిస్తున్నారు. బహుమతి అన్న పాత పాట కంటే నయమే కానీ, నాకు మనసు చల్లబడలేదు. బయట తలుపు దగ్గరున్న కాపలాయనతో "ఈ రాయి మా ఊళ్ళదని చెప్పు" అని అత్తయ్య పట్టుబట్టింది. మా ఆయన సిగ్గుపడుతూనే ఇంగ్లీషులో చెప్పారు. ఆయన వంగి నమస్కారం పెట్టి, "ఈ వారంలో ఇలా చెప్పినవాళ్ళలో మీరు నాలుగోవారు, కానీ ఊరి పేరు చెప్పింది మీరొక్కరే" అన్నాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉందని కూడా చెప్పమంది అత్తయ్య. మా ఆయన అప్పటికే నాలుగడుగులు ముందుకెళ్ళిపోయారు.

ఇక నిజాం హారం. బొమ్మలో వేశారుగా, ఎక్కడ అని గైడ్‌ని అడిగితే ఫోన్ తీసి యువరాణి కేట్ ఆ హారం వేసుకున్న ఫొటో చూపించాడు. "ఇదే మేడమ్." ఇది మా హైదరాబాద్ పిన్ని కూడా చూపిస్తుంది! టవర్‌లో ఉండేది పట్టాభిషేకం సామగ్రి. విందులకి పెట్టుకునే టియారాలు, హారాలు అక్కడ ఉండవు. అవి రాజకుటుంబం దగ్గరే ఉంటాయి, ఎప్పుడైనా ఎగ్జిబిషన్ పెడితే తప్ప మనకి కనబడవు. 1947లో కూతురు ఎలిజబెత్ (2022లో పోయిన మహారాణి) పెళ్ళికి మన ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కార్టియర్ నగల కొట్టుకి కబురు పెట్టి, పెళ్ళికూతురికి నచ్చింది తీసుకోనివ్వమన్నాడు. ఆవిడ ఒక వజ్రాల హారం, గులాబీల టియారా ఎంచుకుంది. హారం ఇప్పటికీ ఉంది. టియారాని 1973లో విప్పించి, బర్మా వాళ్ళిచ్చిన 96 కెంపులు కలిపి కొత్తది చేయించుకుంది. గులాబీలు మాత్రం బ్రోచీలుగా మిగిలాయి. ఆ కెంపుల టియారా ఫొటోలో చూస్తే నాకు బరువుగా, ముద్దగా అనిపిస్తుంది. గులాబీలదే అందం. "ఇచ్చినాయన పోయాక విప్పించింది, పెద్దరికం ఉంది" అంది అత్తయ్య. ఆవిడ తప్పెలా పడుతుంది లెండి, వాళ్ళమ్మ కాసుల పేరు చెరిపించి నాకు గాజులు చేయించింది ఆవిడే.

డబ్బు తిరిగివ్వమని టూరు మనిషికి ఫోన్ చేశాను. "మేడమ్, మీరు కొన్నది టికెట్ కాదు, ఎక్స్‌పీరియన్స్" అన్నాడు. చివరికి ఇచ్చింది వచ్చే ట్రిప్పుకి పది శాతం తగ్గింపు కూపన్. మా ఆయన ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. తప్పు ఆయనదే అయినప్పుడు అలాగే ఉంటారు. సాయంత్రం ఈస్ట్ హామ్‌లో ఒక చిన్న హోటల్లో 6 పౌండ్ల 50కి ఉప్మా పెసరట్టు తిన్నాక ఒక మాట బయటికొచ్చింది: "అల్లం చట్నీ బాగుంది." తెనాలిలో కూడా ఈ మధ్య అలాంటి అల్లం చట్నీ తినలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి.

మర్నాడు గైడూ లేడు, టూరూ లేదు. టవర్‌కి వెళ్ళిన గ్రీన్ లైన్ రైలే ఎక్కి సౌత్ కెన్సింగ్టన్‌లో దిగి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంకి వెళ్ళాం. ప్రవేశం ఉచితం. నగల గది మధ్యలో విక్టోరియా రాణి నీలాల కిరీటం ఉంది. 1840లో, పెళ్ళయిన ఏడాది, ఆల్బర్ట్ స్వయంగా గీసి చేయించింది. అరచేతిలో పట్టేంత చిన్నది, కొప్పు చుట్టూ పెట్టుకునేది. పదకొండు నీలాలు. కదిలే పట్టీ లేదు, తోసేవాళ్ళు లేరు. అత్తయ్య ముక్కు అద్దానికి ఆనించి పదిహేను నిమిషాలు చూసింది. "చూశావా, నీలాలకి బంగారం, తెల్లరాళ్ళకి వెండి కట్టాడు. బంగారంలో కడితే వజ్రానికి పచ్చదనం తగులుతుందని." కింద అట్ట మీద చదివితే అక్షరాలా అదే ఉంది, నీలాలు బంగారంలో, వజ్రాలు వెండిలో. సూర్యవంక, చంద్రవంక పక్కన పెడితే ఇదేమంత అని నేనంటే, "నోరు మూసుకో, పని చూడు" అంది. కోహినూర్‌ని అంత కోసేసిన ఆల్బర్టే ఇదీ గీశాడని చెబితే కాసేపు నమ్మలేదు.

కింద ఇండియా గదిలో దులీప్ తండ్రి రంజిత్ సింగ్ బంగారు సింహాసనం కనబడింది. చెక్క మీద బంగారు రేకు, రెండు వరుసల తామర రేకులు. 1849లో రాయితో పాటే లాహోరులో చిక్కింది. దాని ముందు బల్ల మీద మేం ముగ్గురం అరగంట కూర్చున్నాం. మా ఆయన అప్పుడు సారీ చెప్పారు, సింహాసనం వైపు చూస్తూ.

వెళ్ళేవాళ్ళకి నా మాట: టవర్ టికెట్ వాళ్ళ సొంత సైట్లోనే కొనండి. తెరిచే వేళకే చేరి, మిగతా కోటంతా వదిలేసి ముందు నగల దగ్గరికి నడవండి. కథలకి కాపలాదారుల టూరు చాలు, ఏ భాష గైడూ అక్కర్లేదు. ఒక్కపూటే ఉండి, పౌండ్లు లెక్క చూసుకునేవాళ్ళయితే టవర్ మానేసి మ్యూజియంకే పొండి. గది తీసుకునేటప్పుడు వంటగదికి తాళం ఎన్నింటికి వేస్తారో కూడా అడగండి.

గుంటూరు వచ్చిన వారానికి అత్తయ్య విరిగిన గొలుసు ఒకటి పట్టుకుని నాతో ఆచారి గారి కొట్టుకి వచ్చింది. ఆయన తూకం వేసి, "తొమ్మిది శాతం తరుగు పోతుందమ్మా" అన్నారు. అత్తయ్య కుర్చీ దగ్గరికి లాక్కుని కోహినూర్ కథంతా మొదట్నుంచి చెప్పింది, హాలండ్ పనివాళ్ళతో సహా. ఆచారి గారు ఎనిమిదికి దిగారు.